పాత అంబాసిడర్ ఇంజన్: విప్పకముందే లోపలి అరుగుదలను పట్టుకోవడం ఎలా?

పాకాల అంబాసిడర్ | జూన్ 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. నాన్న 1982లో కొన్న అంబాసిడర్ మార్క్ 4, పెట్రోలు బండి, ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. దామలచెరువు మామిడి మండీకి వెళ్ళినా, చిత్తూరు కోర్టుకు వెళ్ళినా, ఊళ్ళో ఎవరికైనా నొప్పులు వచ్చినా ఆ బండే బయలుదేరేది. నాన్న పోయాక ఆరేళ్ళు కొట్టంలో కదలకుండా ఉండిపోయింది. మొన్న ఉగాదికి బ్యాటరీ మార్చి, ట్యాంకు కడిగించి, కొత్త ఆయిల్ పోసి సెల్ఫు కొట్టాను. మూడో ప్రయత్నానికే అందుకుంది. అమ్మ లోపలినుంచి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

పోయిన వారం పలమనేరులో పెళ్ళికి వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో మొగిలి ఘాటు దిగి బంగారుపాళ్యం దగ్గర యాక్సిలరేటర్ తొక్కగానే వెనక నీలం పొగ గుప్పున లేచింది. వెనకాల వస్తున్న లారీ కూడా కనబడలేదు. ఒక అర కిలోమీటరు పోయాక పొగ తగ్గింది. చిత్తూరు చేరేసరికి ఇంజన్లోంచి టకటకమని ఒక చప్పుడు మొదలైంది. కూడలిలో ఆగినప్పుడు నాన్న ఎప్పుడో పెట్టించిన ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంది.

ఒక షెడ్డులో చూపించాను. రెండు నిమిషాలు విని, ఇంజన్ పోయింది, దించి బోరు చేయాలి (సిలిండర్ గోడను కోసి వెడల్పు చేయడం), క్రాంకు గ్రైండింగ్ చేయాలి (పిస్టన్లు తిప్పే ఇరుసును రుద్ది నున్నగా చేయడం), 65 వేలవుతుంది అన్నారు. డబ్బు సంగతి తర్వాత. నలభై ఏళ్ళ ఇంజన్ భవిష్యత్తును రెండు నిమిషాల్లో తేల్చేయడం నాకు మింగుడు పడలేదు. లోపల ఏది అరిగిందో, ఎంత అరిగిందో విప్పకుండానే తెలుసుకునే దారి ఉందా? డిప్‌స్టిక్ రోజూ చూస్తున్నాను. ఇంత పొగ వచ్చినా ఆయిల్ మట్టం మాత్రం తగ్గలేదు. ప్రస్తుతానికి అదొక్కటే ధైర్యం.

రేణిగుంట ఫియట్ | జూన్ 8, రాత్రి 10:15

దయచేసి తొందరపడకండి. నాది 1978 పద్మిని. ఐదేళ్ళ క్రితం నాకూ ఇలాగే చప్పుడు వచ్చింది. విప్పితే తెలుస్తుంది అన్నారు, విప్పనిచ్చాను. బోరు 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెంచారు, కొత్త పిస్టన్లు, రింగులు వేశారు. అంతా బిగించి స్టార్ట్ చేస్తే అదే చప్పుడు. ఆఖరికి తేలింది ఏమిటంటే, డైనమో పుల్లీ వదులై షాఫ్టు మీద ఆడుతోంది. ఒక బోల్టు బిగించాల్సిన చోట ఇంజన్ ఆయుష్షు ఖర్చు పెట్టాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ముందు ఫ్యాను బెల్టు విప్పి, ఒక్క అర నిమిషం ఇంజన్ ఆడించి చూడండి. చప్పుడు ఆగిపోతే తప్పు బయటి సామానులోనే ఉన్నట్టు. అంతకంటే ఎక్కువసేపు ఆడించవద్దు. బెల్టు లేకపోతే నీళ్ళ పంపు కూడా తిరగదు.

కాణిపాకం రోడ్డు | జూన్ 9, ఉదయం 7:05

నా అభిప్రాయం వేరు. పొగ, చప్పుడు, ఆయిల్ లైటు మూడూ ఒకేసారి వచ్చాయంటే ఇంజన్ తానే చెబుతోంది. పరీక్షలకు తిరిగే డబ్బుతో సగం పని అయిపోతుంది. విప్పడమే మేలు.

పాతరెంచి | జూన్ 9, ఉదయం 11:30

తిరుపతిలో 41 సంవత్సరాలు అంబాసిడర్లు, ఫియట్లు, జీపులు బాగు చేశాను. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి కనుక పని మానేశాను. కాణిపాకం తమ్ముడి మాటకు నేను ఒప్పుకోలేను. కారణం చెబుతాను.

అంబాసిడర్ ఇంజన్ బీఎంసీ వాళ్ళ బి సిరీస్, 1489 సీసీ. ఆ ఇనుప దిమ్మకు లెక్కపెట్టిన బోర్లే ఉంటాయి. 20 థౌ, 30 థౌ, 40 థౌ అంటూ పెంచుకుంటూ పోతే ఒకనాటికి గోడ పలచబడి స్లీవు, అంటే లోపల కొత్త గొట్టం, దిగ్గొట్టాల్సి వస్తుంది. ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు ఉన్న దిమ్మలే ఉన్నవి. అవసరం లేని బోరు ఒక్కటి చేసినా ఆ బండి జీవితంలోంచి కొన్నేళ్ళు కోసేసినట్టే. అందుకే కొలవకుండా లేత్ షాపుకు పంపకూడదని నేను మొండిగా చెబుతాను.

ఇప్పుడు మీ బండి సంగతి. పొగ ఎప్పుడు వచ్చిందన్నదే అసలు సాక్ష్యం. రింగులు, బోరు అరిగిన బండి ఎక్కుడులో, బరువు లాగేటప్పుడు నీలం పొగ కక్కుతుంది. పలమనేరుకు ఎక్కేటప్పుడు పొగ వచ్చిందని మీరు రాయలేదు. దిగి వచ్చాక, కింద యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వచ్చిందన్నారు. ఘాటు దిగేటప్పుడు మనం కాలు ఎత్తేసి గేరులో దిగుతాం. కార్బొరేటర్ మూసుకుని ఉంటుంది, పిస్టన్లు గాలిని గుంజుతూనే ఉంటాయి. ఆ గుంజుడుకు ఇన్లెట్ వాల్వు గైడ్ల (వాల్వు కాడ జారే గొట్టాలు) పక్కనుంచి ఆయిల్ కిందికి జారి చేరుతుంది. మళ్ళీ పెట్రోలు అందగానే ఆ పోగైన ఆయిలంతా ఒక్కసారిగా కాలి పొగై వస్తుంది. కాసేపటికి తగ్గిపోతుంది. మీరు చెప్పిన వరస సరిగ్గా ఇదే. గైడ్లు హెడ్డులో, అంటే దిమ్మ మీద మూతలా ఉండే భాగంలో ఉంటాయి. దానికోసం ఇంజన్ దించక్కరలేదు.

కానీ నన్ను రాత్రంతా ఆలోచింపజేసింది ఇంకో మాట. ఇంత పొగ వస్తుంటే ఆయిల్ తగ్గాలి కదా? మట్టం తగ్గలేదని మీరు ధైర్యంగా ఉన్నారు, నాకు అదే భయంగా ఉంది. తగ్గాల్సింది తగ్గలేదంటే లోపలికి ఇంకేదో చేరుతోంది. నీళ్ళయితే ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. లేకపోతే పెట్రోలు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి గంట ఆగి చూడండి. అంతవరకు బండి నడపవద్దు.

తర్వాత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో గేజీతో చూడాలి. ఇంజన్ వేడెక్కి ఉండాలి. నాలుగు ప్లగ్గులూ తీసేయాలి. కాయిల్ వైరు ఊడదీయాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. ఒకరు లోపల కూర్చుని యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి, లేకపోతే గాలి అందక ముల్లు తప్పుడు లెక్క చూపిస్తుంది. ఒక్కో సిలిండర్‌కూ అన్నే సార్లు సెల్ఫు తిప్పాలి. రాసుకోండి. ఆ తర్వాత ఒక్కో సిలిండర్లో చెంచాడు ఆయిల్ వేసి మళ్ళీ చూడండి. ముల్లు బాగా పైకి లేస్తే రింగులు, బోరు అరిగినట్టు. కదలకపోతే వాల్వులు. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు.

పాకాల అంబాసిడర్ | జూన్ 11, సాయంత్రం 6:20

పాతరెంచి గారూ, మీ మాట చదివి వెంటనే డిప్‌స్టిక్ తీశాను. వాసన చూశాను. పెట్రోలే. ఇన్ని రోజులు మట్టం మాత్రమే చూశాను, ముక్కు దగ్గర పెట్టుకోలేదు. కాగితం మీద చుక్క నల్లగా మధ్యలో ఉండిపోయి, చుట్టూ అరచేయంత పలచని తడి వలయం పాకింది. మట్టం గుర్తు కంటే పైనే ఉంది.

బెల్టు విప్పి చూశాను. చప్పుడు ఆగలేదు.

కంప్రెషన్ గేజీ చిత్తూరులో మిత్రుడి దగ్గర తెచ్చాను. లెక్కలు పీఎస్ఐలో (ఒత్తిడి కొలత). పొడిగా చూస్తే ఒకటో సిలిండర్ 122, రెండు 118, మూడు 78, నాలుగు 120. ఆయిల్ వేశాక వరసగా 128, 125, 81, 127. మూడోది ఎందుకు పడిపోయింది?

కొలతబద్ద | జూన్ 11, రాత్రి 8:50

లేత్ షాపు నడుపుతాను, చిత్తూరులోనే. ఈ లెక్కలు చూసి సంతోషించాను. మూడోది చూసి కూడా.

ఒకటి, రెండు, నాలుగు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. పాత తక్కువ కంప్రెషన్ ఇంజన్‌కు 120 అటూఇటూ అంటే మంచి అంకె. ఆయిల్ వేస్తే ఆరేడు పీఎస్ఐ మాత్రమే పెరిగింది. బోర్లు నిజంగా అరిగి ఉంటే అది ఇరవై, ముప్పై ఎగబాకేది. మూడోది 78 నుంచి 81కి మాత్రమే వచ్చింది. అంటే గాలి పోతున్నది రింగుల పక్కనుంచి కాదు, వాల్వునుంచి.

మూడో సిలిండరే ఎందుకు? ఈ ఇంజన్ హెడ్డులో ఒకటికీ నాలుగుకీ ఎగ్జాస్ట్ దారులు విడివిడిగా ఉంటాయి. రెండూ మూడూ మాత్రం మధ్యలో ఒకే దారి పంచుకుంటాయి. హెడ్డులో ఎక్కువ వేడి పట్టేది అక్కడే. పైగా ఈ హెడ్డు రూపొందినది సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో. ఆ సీసం వాల్వు, సీటు మధ్య మెత్తలాగా పనిచేసేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. మెత్తని ఇనుప సీటును ఎగ్జాస్ట్ వాల్వు కొట్టి కొట్టి లోపలికి తొలుచుకుంటూ పోతుంది. వాల్వు పైకి జరిగేకొద్దీ ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే చేతికీ మధ్య ఖాళీ) మూసుకుపోతుంది. ఇంకా జరిగితే వాల్వు పూర్తిగా మూసుకోదు. సీటును తాకని వాల్వుకు వేడి వదిలించుకునే చోటు లేక అంచు కాలిపోతుంది.

మామూలుగా అరుగుదల అంటే సందు పెరగడం కదా. ఇక్కడ సందు తగ్గడమే అరుగుదలకు గుర్తు. ట్యాపెట్లు చప్పుడు చేయడం లేదని మురిసిపోతూ వాల్వులు కాల్చుకున్నవాళ్ళు నా షాపుకు ఎంతమంది వచ్చారో.

ట్యాపెట్ కవరు తీసి చూడండి. ముందునుంచి లెక్కపెడితే మొత్తం 8 వాల్వులు. 1, 4, 5, 8 ఎగ్జాస్ట్. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ అంటే ఐదోది. ఏ వాల్వు సందు చూడాలో దాని అంకెను 9లోంచి తీసేయండి, వచ్చిన అంకె గల వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు చూడాలి. ఐదోది చూడాలంటే నాలుగోది పూర్తిగా కిందికి నొక్కి ఉండాలి. సందు 15 థౌ ఉండాలి.

మదనపల్లె కొండగాలి | జూన్ 12, ఉదయం 6:40

వ్యాక్యూమ్ గేజీ ఉంటే అదీ పెట్టి చూడండి, ఇన్లెట్ మానిఫోల్డ్‌కు. ఒక వాల్వు సరిగా మూసుకోకపోతే ముల్లు ఒకే లయలో టక్కుమని పడి లేస్తూ ఉంటుంది. సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలంటారు. వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. నేను మదనపల్లెలో చూసి తక్కువ వచ్చిందని నెల రోజులు బాధపడ్డాను. మా ఊరు రెండు వేల అడుగుల పైన ఉంది, ఆ రెండు అంగుళాలూ ఊరివే.

పాకాల అంబాసిడర్ | జూన్ 13, రాత్రి 9:10

ఐదో వాల్వు దగ్గర 15 థౌ రేకు దూరలేదు. 10 దూరలేదు. 4 థౌ రేకు బిగుతుగా దూరింది. మిగతా మూడు ఎగ్జాస్ట్ వాల్వులూ 11, 12 థౌ దగ్గర ఉన్నాయి. సందు సరిచేసి మళ్ళీ కంప్రెషన్ చూస్తే మూడోది 92కి వచ్చింది. పూర్తిగా రాలేదు.

పంక్చర్ షాపు కంప్రెసర్ అడిగి తెచ్చుకుని గాలి పరీక్ష కూడా చేశాను. పాత ప్లగ్గు లోపలి పింగాణీ పగలగొట్టి, దానికి ట్యూబు వాల్వు అతికించి తయారుచేసుకున్నాను. మూడో పిస్టన్‌ను పైకి తెచ్చి, గేరు వేసి, హ్యాండ్‌బ్రేకు లాగి గాలి వదిలాను. కార్బొరేటర్ దగ్గర చెవి పెట్టాను, ఏమీ లేదు. ఆయిల్ పోసే మూత తీసి విన్నాను, సన్నగా ఊపిరి లాంటి శబ్దం. రేడియేటర్లో బుడగలు లేవు. బండి వెనక్కి వెళ్ళి సైలెన్సర్ గొట్టం దగ్గర వంగితే పాము బుసకొట్టినట్టు స్పష్టంగా వినిపించింది. పక్కన నిలబడ్డ మా అబ్బాయికి కూడా వినిపించింది.

పాతరెంచి | జూన్ 13, రాత్రి 10:00

ఆ బుస ఎగ్జాస్ట్ వాల్వుదే. అంచు కాలింది, సందేహం లేదు. మరొకసారి ఈ పరీక్ష చేసేటప్పుడు స్టార్టింగ్ హ్యాండిల్ ముందు తగిలించి ఉంచకండి. గాలి ఒత్తిడికి క్రాంకు తిరిగితే ఆ హ్యాండిల్ చెయ్యి విరగ్గొడుతుంది.

ఇక పెట్రోలు. ఇంజన్ పక్కన ఉన్న మెకానికల్ పంపు విప్పండి. దాని లోపల రబ్బరు డయాఫ్రం ఉంటుంది. ఆరేళ్ళు ఎండి గట్టిపడి ఉంటుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరుకు అది అసలు పడదు. డయాఫ్రం చిట్లితే పెట్రోలు కార్బొరేటర్‌కు కొంత, సంపులోకి (ఇంజన్ అడుగున ఆయిల్ తొట్టి) కొంత పోతుంది. ఆయిల్ పలచబడుతుంది. పలచని ఆయిల్‌తో ప్రెషర్ నిలవదు. మీ లైటు మిణుకుమనడానికి ఇదే మొదటి కారణం కావచ్చు. బేరింగులు పోయాయని తీర్పు చెప్పే ముందు ఆయిల్ మార్చి చూడాలి.

ఆ పాత ఆయిల్ దించేటప్పుడు దగ్గర్లో నిప్పు, బీడీ, దీపం ఏదీ ఉండకూడదు. సగం పెట్రోలు అనుకునే జాగ్రత్తపడండి.

పాకాల అంబాసిడర్ | జూన్ 16, మధ్యాహ్నం 2:30

డయాఫ్రం అంచున వేలిగోరంత చీలిక ఉంది. వంచితే నోరు తెరుచుకుంది. కొత్తది వేశాను, ఇథనాల్ తట్టుకునే రబ్బరని చెప్పి ఇచ్చారు. సంపులోంచి మామూలుగా పోసే దానికంటే ముప్పావు లీటరు ఎక్కువ దిగింది.

ఆయిల్ దించకముందే లైటు వైరు తీసి, ఆ రంధ్రానికి ముల్లు గేజీ బిగించి చూసి ఉంచాను. వేడి మీద ఐడిలింగులో 8 పీఎస్ఐ, వేగం పెంచితే 30. కొత్త 20 డబ్ల్యూ 50 ఆయిల్, కొత్త ఫిల్టరు వేశాక వేడి మీద ఐడిలింగులో 16, పెంచితే 44.

చప్పుడు మాత్రం పోలేదు. కాస్త తగ్గింది, అంతే.

రేణిగుంట ఫియట్ | జూన్ 16, సాయంత్రం 5:00

ఈ ఇంజన్‌కు వేడి మీద పరుగులో 50, ఐడిలింగులో 15 అటూఇటూ ఉంటే మంచిదంటారు కదా. మీది దాదాపు వచ్చేసింది. ఆ చప్పుడు పిస్టన్ ఆడటం అయి ఉంటుంది, అంత భయపడక్కరలేదు.

పాతరెంచి | జూన్ 16, సాయంత్రం 6:15

పిస్టన్ ఆడే చప్పుడు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, వేడెక్కి పిస్టన్ వ్యాకోచించాక తగ్గుతుంది. పాకాల తమ్ముడూ, మీది ఎలా ఉంది? ఉదయం స్టార్ట్ చేయగానే ఎక్కువా, చిత్తూరు చేరాక ఎక్కువా?

పాకాల అంబాసిడర్ | జూన్ 16, సాయంత్రం 6:40

ఉదయం దాదాపు వినిపించదు. వేడెక్కేకొద్దీ పెరుగుతుంది. కాలు ఎత్తినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

పాతరెంచి | జూన్ 16, సాయంత్రం 6:55

అయితే పిస్టన్ కాదు. బిగ్ ఎండ్ బేరింగు (పిస్టన్ కడ్డీ క్రాంకును పట్టుకునే చోటిది) అని నా అనుమానం. ఆయిల్ వేడెక్కి పలచబడ్డప్పుడు సందు బయటపడుతుంది. ఇంజన్ ఆడుతుండగా ఒక్కో ప్లగ్గు వైరునూ రబ్బరు పిడి పట్టుకారుతో తీసి దిమ్మకు ఆనించండి. వైరును గాలిలో వదిలేయవద్దు, కాయిల్‌కు మంచిది కాదు. ఏ ప్లగ్గు ఆపినప్పుడు చప్పుడు మెత్తబడుతుందో ఆ సిలిండర్ బిగ్ ఎండ్. ఏది ఆపినా మారకపోతే టైమింగ్ చైను లాంటిది. బరువు లాగేటప్పుడు లోతుగా, అడుగునుంచి దబదబమని వస్తే మెయిన్ బేరింగు, అంటే క్రాంకును దిమ్మలో మోసేది.

బంగారుపాళ్యం తోట | జూన్ 16, రాత్రి 9:30

ఈ చర్చ మొదటినుంచీ చదువుతున్నాను. మా నాన్న చిత్తూరు, బెంగళూరు మధ్య అంబాసిడర్ టాక్సీ నడిపేవారు. మొగిలి ఘాటులో ఆయన దింపని రోజు లేదు. ఆయన దగ్గర మూడడుగుల కర్ర ఒకటి ఉండేది, చివరలు నున్నగా అరిగిపోయి. ఒక కొన ఇంజన్ దిమ్మకు ఆనించి, రెండో కొన చెవి వెనక ఎముకకు ఆనించుకునేవారు. చెవి రంధ్రంలో కాదు, ఎముకకు. నాకు పదేళ్ళప్పుడు ఆ కర్ర నా చేతికిచ్చి ఒక్కో చోటా పెట్టి వినిపించారు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర సన్నని గలగల, ట్యాపెట్ల దగ్గర కుట్టుమిషన్ లాంటి టిక్కుటిక్కు, ముందు కవరు దగ్గర చైను గొలుసు గరగర. ఆ టిక్కుటిక్కు ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి వస్తుందని, బేరింగు దెబ్బ ప్రతి చుట్టుకూ వస్తుందని వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించారు. ఇప్పుడు డాక్టరు స్టెతస్కోపు చూసినా నాకు ఆ కర్రే గుర్తొస్తుంది.

అన్నా, ఒక పొడవాటి కర్రతో సంపు అంచు దగ్గర, నాలుగు సిలిండర్ల ఎదురుగా వరసగా విని చూడండి. చొక్కా చేతులు, కండువా ఫ్యానుకు దూరంగా ఉంచుకోండి.

పాకాల అంబాసిడర్ | జూన్ 17, ఉదయం 10:20

కర్రతోనూ విన్నాను, ప్లగ్గులూ ఒక్కొక్కటిగా ఆపాను. ఒకటి, రెండు, మూడు ఆపితే ఇంజన్ కుంటుతుంది కానీ చప్పుడు అలాగే ఉంది. నాలుగోది ఆపగానే చప్పుడు సగానికి సగం మెత్తబడింది. నాలుగుసార్లు చూశాను. ప్రతిసారీ అంతే. కర్రకు కూడా నాలుగు ఎదురుగానే దెబ్బ గట్టిగా తగులుతోంది. అమ్మా, మీ నాన్నగారి కర్ర నాకూ దారి చూపింది. నమస్కారం.

కాణిపాకం రోడ్డు | జూన్ 17, ఉదయం 11:00

విప్పమని నేను తొందరపడి చెప్పాను. ఇప్పుడు విప్పాల్సినవి తేలిపోయాయి కనుక ఆ మాట వేరు. ఇంజన్ దించకుండా కిందనుంచి సంపు తీయగలరా?

పాతరెంచి | జూన్ 17, ఉదయం 11:40

తీయవచ్చు. ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలపాలి, జాకీని నమ్మి కిందికి దూరకూడదు. హెడ్డు పైనుంచి, సంపు కిందనుంచి. బేరింగు ఈ స్థితికి వచ్చిందంటే క్రాంకు జర్నల్ (బేరింగు పట్టే నున్నటి భాగం) మీద కూడా గీతలు పడే ఉంటాయి. గ్రైండింగుకు సిద్ధంగా ఉండండి.

సంపు అడుగున పేరుకున్న మడ్డి పారబోయకండి. తెల్ల గుడ్డ మీద పరిచి ఎండలో చూడండి. అయస్కాంతానికి అంటేది ఇనుము. అంటకుండా వెండిలా మెరిసేది పిస్టన్ అల్యూమినియం కావచ్చు, బేరింగు పైపూత కావచ్చు. రాగి రంగు కనబడితే బేరింగు పైపూత దాటి లోపలి పొర దాకా అరిగినట్టు.

పాకాల అంబాసిడర్ | జూన్ 22, రాత్రి 8:00

రెండు రోజులు పట్టింది. కొలతబద్ద గారు ఆదివారమని కూడా చూడకుండా మైక్రోమీటరు తీసుకుని మా ఊరు వచ్చారు. ఆ మేలు మరచిపోలేను.

గుడ్డ మీద మడ్డిలో రాగి రంగు మిలమిలలు ఉన్నాయి. నాలుగో బిగ్ ఎండ్ టోపీ విప్పాం. కింది షెల్ (బేరింగులో సగం రేకు) బూడిద రంగులో నున్నగా ఉంది. పై షెల్, మండిన గ్యాసు దెబ్బంతా మోసేది, మధ్యలో బొటనవేలి ముద్రంత మేర రాగి తేలింది. మిగతా మూడూ విప్పి చూశాం, పూత అలాగే ఉంది. మధ్య మెయిన్ బేరింగు కూడా బాగుంది.

జర్నల్‌ను ఆరు చోట్ల కొలిచారు. గుండ్రంలో తేడా అర థౌ మాత్రమే. గోరుతో గీసినా ఎక్కడా తట్టలేదు. గ్రైండింగు అక్కరలేదన్నారు. నాలుగింటికీ కొత్త షెల్స్ వేసి, ప్లాస్టిగేజ్ అనే సన్నని మైనపు తీగ మధ్యలో పెట్టి టోపీ బిగించి విప్పితే, నలిగిన వెడల్పు బట్టి సందు 2 థౌ వచ్చింది.

హెడ్డు తీస్తే ఐదో వాల్వు అంచున జొన్నగింజంత గంటు కాలి ఉంది. సీటు లోపలికి కుంగింది. ఇన్లెట్ వాల్వులు గైడ్లలో పట్టుకుని ఊపితే పంటిలా ఆడుతున్నాయి.

కొలతబద్ద | జూన్ 22, రాత్రి 9:15

బోరు సంగతి నేను రాస్తాను, ఎందుకంటే బోరు గేజీ లేనివాళ్ళకు ఈ పద్ధతి ఉపయోగపడుతుంది.

నాలుగో పిస్టన్ పైనుంచి తీశాం. ఒక కొత్త పై రింగును బోరు అడుగున, పాత రింగులు ఎప్పుడూ తిరగని చోట పెట్టాం. వంకర లేకుండా ఉండటానికి పిస్టన్‌ను తిరగేసి దానితో మెల్లగా నెట్టాలి. రింగు కొనల మధ్య సందు 11 థౌ. అదే రింగును బోరు పైన, గట్టు (రింగులు తాకక అరగకుండా మిగిలిన అంచు) కిందుగా పెడితే 25 థౌ. అరుగుదల ఎక్కువగా ఉండేది అక్కడే. పిస్టన్ ఆగి తిరిగేచోట ఆయిల్ పొర నిలవదు, మంట ఒత్తిడి రింగును గోడకు నొక్కుతుంది. రెండింటి తేడా 14 థౌ. చుట్టుకొలతలో పెరిగినది కనుక 3.14తో భాగిస్తే వ్యాసంలో పెరిగిన అరుగుదల వస్తుంది. నాలుగున్నర థౌ.

పది థౌ దగ్గరికి వస్తే నేను బోరు చేయమనే చెబుతాను. నాలుగున్నరకు చేయను. గోడను సన్నగా రుద్ది, కొత్త రింగులు వేస్తే చాలు. పైన గట్టు తగిలి కొత్త రింగు విరగకుండా దాన్ని ముందే తీసేశాం. హెడ్డు నా షాపులో ఉంది. నాలుగు ఎగ్జాస్ట్‌లకూ గట్టి సీట్లు దిగ్గొడుతున్నాను, గైడ్లన్నీ కొత్తవి.

పాతరెంచి | జూన్ 22, రాత్రి 9:40

క్రాంకు గీతలు పడి ఉంటుందని నేను ఖాయంగా రాశాను. అది తప్పు. మైక్రోమీటరు పెట్టకుండా నేనూ తీర్పు చెప్పేశాను. పెట్రోలు పోవడం తొందరగా కనిపెట్టారు కనుక జర్నల్ బతికింది. నాకు చాలా సంతోషంగా ఉంది.

పాకాల అంబాసిడర్ | జూలై 6, సాయంత్రం 7:30

బండి తయారైంది. సామాను, లేత్ పని, కూలి కలిపి 31 వేలు అయింది. బోరు చేయలేదు, క్రాంకు కదపలేదు. దిమ్మ ఫ్యాక్టరీ కొలతలోనే ఉంది.

కంప్రెషన్ 126, 124, 121, 125. ఆయిల్ ప్రెషర్ వేడి మీద ఐడిలింగులో 20, పరుగులో 48.

నిన్న అమ్మను ఎక్కించుకుని పలమనేరు వెళ్ళి వచ్చాం. మొగిలి ఘాటు మూడో గేరులో కాలు ఎత్తి దిగాను. బంగారుపాళ్యం దగ్గర అదే చోట యాక్సిలరేటర్ తొక్కి అద్దంలో చూశాను. వెనక రోడ్డు, రెండు ఆటోలు, మామిడి లోడు ట్రాక్టరు, అన్నీ స్పష్టంగా కనిపించాయి.

పాతరెంచి | జూలై 6, రాత్రి 8:05

500 కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి, హెడ్డు నట్లు వరసక్రమంలో మళ్ళీ బిగించండి. దాని వెంటే ట్యాపెట్లు 15 థౌకు చూసుకోండి. కొత్త సీట్లు కూర్చునేటప్పుడు సందు కొంచెం మారుతుంది. ఆ ఆయిల్, ఫిల్టరు కూడా అప్పుడే మార్చేయండి.

పాకాల అంబాసిడర్ | జూలై 6, రాత్రి 8:20

ఇప్పటికి 190 అయింది గురువుగారూ. మండీ పని ఉంది కనుక వచ్చే శనివారానికి 500 దాటుతుంది. ఆదివారం ఉదయం నట్లు బిగించి, ఐదో వాల్వు సందు ఎంత వచ్చిందో ఇక్కడే రాస్తాను.